సీసా మూత తీసే ముందు: బండిలో పోసే అడిటివ్‌లు ఏవి పనికొస్తాయి, ఏవి పనికిరావు

ఆయిల్ ఫిల్టర్ కొందామని విడిభాగాల దుకాణానికి వెళ్తాం. డబ్బు చెల్లించే చోట, సరిగ్గా చేతికి అందే ఎత్తులో, రంగురంగుల చిన్న సీసాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒకటి మైలేజీ పెంచుతానంటుంది, ఒకటి పొగ తగ్గిస్తానంటుంది, ఇంకొకటి ముసలి ఇంజిన్‌కు పడుచుదనం తెస్తానంటుంది. మనం కొనడానికి వెళ్లిన ఫిల్టర్ మీద మాత్రం ఏ వాగ్దానమూ ఉండదు. అది చేసే పని అందరికీ తెలిసిందే కాబట్టి దానికి ఆ అవసరం లేదు.

ఈ అడిటివ్ సీసాలు, అంటే ఇంధనంలోనో ఆయిల్‌లోనో అదనంగా కలిపే రసాయనాలు, అన్నీ మోసమేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. ప్రతి సర్వీసుకూ ఒకటి పోయించుకోకపోతే నిద్రపట్టనివాళ్లూ ఉన్నారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. వీటిలో కొన్ని నిజంగా పనిచేసే రసాయనాలే. అయితే ఒక్కొక్కటి ఒక్కో లోపానికే పనిచేస్తుంది. ఆ లోపం మీ బండిలో లేనప్పుడు సీసా ఎంత మంచిదైనా దానికి చేయడానికి పనేమీ ఉండదు. అందుకే ఇక్కడ సీసా సంగతి పక్కనపెట్టి బండి దగ్గర మొదలుపెడదాం. వరుస తప్పకుండా వెళ్లండి. చాలామందికి రెండో మెట్టు దగ్గరే కొనాల్సిన అవసరం తీరిపోతుంది.

మొదటి మెట్టు: లోపల ఇప్పటికే ఏముందో తెలుసుకోవడం

బంకులో పోయించే పెట్రోలు ఒట్టి పెట్రోలు కాదు. తుప్పు పట్టకుండా ఆపేవి, జిగురు కట్టకుండా కాపాడేవి, ఇంజెక్టర్ల మీద, వాల్వుల మీద మసి పేరుకోకుండా కడిగేవి, ఇలా కొన్ని రసాయనాలు అందులో ముందే కలిసి ఉంటాయి. అమెరికాలో అయితే 1995 నుంచి కడిగే రసాయనం లేని పెట్రోలు అమ్మడానికే వీల్లేదు. ఆ చట్టం అడిగే మోతాదు చాలదని బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టయోటా కలిసి 2004లో 'టాప్ టియర్' అనే కఠినమైన ప్రమాణాన్ని తెచ్చాయి. ఆ దేశంలోని వాహనదారుల సంఘం ఏఏఏ 2016లో రెండు రకాల పెట్రోలునూ ప్రయోగశాలలో పోల్చి చూపించింది. సుమారు 6,400 కిలోమీటర్ల ప్రయాణానికి సమానంగా ఇంజిన్ నడిపాక, ఆ ప్రమాణానికి అందని పెట్రోలు వాడిన ఇంజిన్లలో సగటున 19 రెట్లు ఎక్కువ మసి పేరుకుంది.

ఈ ఒక్క ఫలితంలో రెండు సంగతులున్నాయి. కడిగే రసాయనం నిజంగానే పనిచేస్తుంది అనేది మొదటిది. మంచి పెట్రోలు పోయించేవారికి ఆ రసాయనం ప్రతి ట్యాంకులోనూ అందుతూనే ఉంది అనేది రెండోది. సీసాలు అమ్మేవారు మొదటి దాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తారు, రెండో దాన్ని ఎక్కడా చెప్పరు.

ఇంజిన్ ఆయిల్ సంగతి ఇంకా స్పష్టం. డబ్బాలో ఉండేదంతా నూనె కాదు. రకాన్ని బట్టి సుమారు పది శాతం నుంచి ముప్ఫై శాతం దాకా అడిటివ్‌లే. మడ్డిని కడిగేవి, కడిగిన మడ్డి గడ్డకట్టకుండా నూనెలో తేలేలా చూసేవి, లోహం మీద పలుచని రక్షణ పొర వేసేవి, నురగ రాకుండా ఆపేవి, వేడికి నూనె మరీ పలచబడకుండా చూసేవి అన్నీ ఒకదానితో ఒకటి తూకం కుదిరేలా కలిపి, ఇంజిన్ల మీద నెలల తరబడి పరీక్షించి ఆ డబ్బా మీద ప్రమాణం ముద్ర వేస్తారు. పులుసు రుచి కుదిరాక ఎవరో వచ్చి ఇంకో గరిటెడు ఉప్పు వేస్తామంటే ఒప్పుకుంటామా? ఆయిల్‌లో సీసా పోయడమంటే దాదాపు అదే.

రెండో మెట్టు: లోపానికి పేరు పెట్టడం

'బండి ఎందుకో బాగా లేదు' అనేది లోపం పేరు కాదు. కాగితం తీసుకుని రాయండి. పొద్దున్నే స్టార్ట్ కావడం లేదా? ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతోందా? యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే కాక ఒక క్షణం ఆగి అందుకుంటోందా? ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని శబ్దం వస్తోందా? మైలేజీ తగ్గిందా, తగ్గితే ఎప్పటి నుంచి? పొగ ఏ రంగులో వస్తోంది?

రాశాక, సీసా కంటే చౌకైనవీ, సీసా కంటే ఎక్కువసార్లు అసలు కారణమయ్యేవీ ముందు చూడండి. టైర్లలో గాలి. ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము. స్పార్క్ ప్లగ్ వయసు. బ్రేకు పట్టేసి చక్రం బరువుగా తిరుగుతోందేమో. బ్యాటరీ. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలిగి ఉంటే ముందు ఆ కోడ్ చదివించాలి. ఇగ్నిషన్ కాయిల్ చెడిపోయినా, సెన్సర్ పాడైనా, గాలి గొట్టం చిట్లినా బండి కుంటుతున్నట్టే నడుస్తుంది. వీటిలో దేనినీ ట్యాంకులో పోసిన ద్రవం బాగుచేయలేదు.

నీలం పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లటి పొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతూ ఉంటే ఇంజిన్ పైభాగం అతుకులో ఉండే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. ఈ రెంటికీ సీసాలు దొరుకుతాయి. అవి కొంతకాలం నెట్టుకురావచ్చు గానీ, ఆ కాలంలో అసలు రోగం ముదురుతుంది.

మూడో మెట్టు: పోసిన ద్రవం లోపమున్న చోటికి చేరుతుందా?

అడిటివ్‌ల గురించి ఒక్క ప్రశ్నే అడగాలంటే నేను ఇదే అడుగుతాను. నేను పోసే ద్రవం ఏ దారిలో వెళ్తుంది? ఆ దారిలో నా లోపం ఉందా?

కార్బ్యురేటర్ ఉన్న పాత బండిలోనూ, ఇన్‌టేక్ గొట్టంలోకి పెట్రోలు చిమ్మే మామూలు ఇంజెక్షన్ బండిలోనూ ఇంధనం ఇన్‌టేక్ వాల్వు వెనక భాగాన్ని తడుపుతూ లోపలికి పోతుంది. కాబట్టి పెట్రోలులో కలిపిన కడిగే రసాయనం వాల్వు మీది మసిని తాకగలదు. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే ఇంజిన్లు వచ్చాక ఆ లెక్క మారింది. వాటిలో ఇన్‌టేక్ వాల్వు మీదికి చుక్క పెట్రోలు కూడా రాదు. ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం వస్తుంది, వేడి వాల్వు మీద మాడి నల్లగా గట్టిపడుతుంది. ట్యాంకులో ఎన్ని సీసాలు పోసినా ఆ మసిని తాకే దారే లేదు. వర్క్‌షాపుల్లో దానికి చేసే వైద్యం వేరు. గొట్టాలు విప్పి, మెత్తగా పొడిచేసిన అక్రోటు పెంకులను గాలి వేగంతో వాల్వుల మీద కొట్టి మసి రాలగొడతారు. పెంకు పొడి మసిని గీకుతుంది గానీ లోహాన్ని గీయదు. ఇలాంటి ఇంజిన్‌లోనూ సీసా చేయగలిగే పని ఒకటుంది, ఇంజెక్టర్ మొనను శుభ్రంగా ఉంచడం. కొన్ని ఇంజిన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ ఉంటాయి, వాటికి ఈ ఇబ్బంది తక్కువ. మీది ఏ రకమో యజమాని చేతిపుస్తకంలో ఉంటుంది. సీసా సంగతి అటుంచితే, ఆ పుస్తకాన్ని ఒకసారి తిరగేయడమే పెద్ద లాభం.

నాలుగో మెట్టు: పెట్రోలు బండికి నిజంగా పనికొచ్చేవి

మొదటిది ఇంజెక్టర్ క్లీనర్. కొనేటప్పుడు సీసా వెనక చిన్న అక్షరాల్లో పాలీఈథర్ అమైన్, అంటే పీఈఏ, ఉందో లేదో చూడండి. సిలిండర్‌లోని వేడిని తట్టుకుని, గట్టిపడిన మసిని కరిగించగల రసాయనం ఇది. పాలీఐసోబ్యుటిలిన్ అమైన్ అనే ఇంకో రకం ఇన్‌టేక్ వాల్వులను శుభ్రంగా ఉంచుతుంది గానీ సిలిండర్ లోపలి మసి విషయంలో పీఈఏ అంత సమర్థం కాదు. ఏముందో చెప్పని సీసాల్లో ఎక్కువ భాగం కిరోసిన్ లాంటి పలుచని నూనే ఉండే అవకాశం ఉంది.

ఎవరికి పనికొస్తుంది? బండి పాతబడి, ఎక్కువగా కొద్ది దూరాలే తిరుగుతూ, ఎక్కడ దొరికితే అక్కడి పెట్రోలు పోయించుకుంటూ, ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతుంటే, రెండో మెట్టులో చెప్పినవన్నీ చూశాక కూడా తేడా రాకపోతే, అప్పుడు ఒక సీసా వాడి చూడటం తెలివైన పనే. ఇంజెక్టర్లు విప్పించి కడిగించడం కంటే చాలా చౌక.

వాడే పద్ధతి ఇది. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక సీసా పోసి, ఆ తర్వాత పెట్రోలు నిండా కొట్టించండి. అప్పుడు పడే పెట్రోలే దాన్ని కలిపేస్తుంది. సీసా మీద ఎన్ని లీటర్లకు అని ఉందో అంతే కలపాలి. రెండు సీసాలు పోస్తే రెట్టింపు శుభ్రమేమీ కాదు. ఆ ట్యాంకును ఊళ్లో ఆగి ఆగి తిప్పి ఖర్చు చేయకుండా, వీలైతే ఇంజిన్ పూర్తిగా వేడెక్కే దూరప్రయాణంలో వాడండి. కరిగిన మసీ, కాలకుండా మిగిలిన క్లీనరూ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతాయి కాబట్టి, ఆయిల్ మార్పించడానికి కొద్దిరోజుల ముందు వాడటం మేలు. ఒకటి రెండు ట్యాంకుల్లో తేడా కనబడకపోతే మీ లోపం మసి కాదు. మూడో సీసా కొనకండి.

రెండోది, నిల్వ ఉంచేవారికి స్టెబిలైజర్. నెలల తరబడి కదలని మోటార్‌సైకిల్, జనరేటర్, పడవ ఇంజిన్, ఏడాదికి నాలుగుసార్లు బయటికి తీసే పాత కారు ఉన్నవారికి ఇది మంచి పెట్టుబడి. పెట్రోలు గాలితో కలిసి పాతబడుతుంది, జిగురు కడుతుంది, కార్బ్యురేటర్‌లోని సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి. స్టెబిలైజర్ ఆ చర్యను నెమ్మదింపజేస్తుంది. తాజా పెట్రోలులోనే కలపాలి, కలిపాక ఇంజిన్‌ను ఐదు పది నిమిషాలు నడపాలి. లేకపోతే మందు ట్యాంకులోనే ఉండిపోయి, కార్బ్యురేటర్‌లో పాత పెట్రోలు అలాగే ఉంటుంది. ఇప్పటికే కంపుకొడుతున్న పాత పెట్రోలును ఇది తాజాగా మార్చలేదు.

నీళ్ల సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మామూలు ఉష్ణోగ్రతలో తన పరిమాణంలో అర శాతం దాకా నీటిని తనలో కలుపుకుని ఇంజిన్‌లో కాల్చేయగలదు. నలభై లీటర్ల ట్యాంకుకు సుమారు 200 మిల్లీలీటర్లన్నమాట. అంతకు మించితే నీరూ ఇథనాలూ చేతులు కలిపి అడుగుకు దిగిపోతాయి. అనుమానముంటే ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోలు గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. పైన లేత పసుపు, అడుగున మసకగా ఇంకో పొర, మధ్యలో గీత గీసినట్టు హద్దు కనబడితే అదే నీరు. నిప్పుకు దూరంగా, ఆరుబయట చేయాల్సిన పని ఇది. ఆ గీత కనబడ్డాక నీటిని పోగొట్టే సీసాలకు పనిలేదు. ట్యాంకు ఖాళీ చేయడమే మార్గం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉండే ఆ సీసాలు కొద్దిపాటి తేమకే పనికొస్తాయి, ఇథనాల్ కలిసిన పెట్రోలులో ఆ పని ఇథనాలే చేస్తోంది.

ఇక ఆక్టేన్ బూస్టర్లు. ఆక్టేన్ అంటే శక్తి కాదు, సమయానికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం. మామూలు పెట్రోలే సరిపోయే ఇంజిన్‌కు ఆక్టేన్ పెంచితే ఇంజిన్ దాన్ని గమనించను కూడా గమనించదు. సీసా మీద 'ఐదు పాయింట్లు పెరుగుతుంది' అని ఉంటే 91 కాస్తా 96 అవుతుందనుకోకండి. ఈ వ్యాపారంలో ఒక పాయింటు అంటే 0.1. ఐదు పాయింట్లంటే 91 వెళ్లి 91.5 అవుతుంది. మాంగనీసు, ఇనుము ఆధారంగా చేసిన బూస్టర్లు స్పార్క్ ప్లగ్ మీద ఎర్రటి పూత కూడా మిగిల్చిపోతాయి. మీ ఇంజిన్‌కు ఎక్కువ ఆక్టేన్ కావాలని చేతిపుస్తకం చెబితే బంకులోనే ఆ పెట్రోలు పోయించుకోవడం సులువు. ఆక్టేన్ పెంచే మందుల చరిత్ర కూడా అంత గర్వపడదగింది కాదు. టెట్రాఇథైల్ సీసం నాకింగ్‌ను, అంటే ఇంధనం అదుపు తప్పి అంటుకుని వచ్చే టకటకను, అద్భుతంగా ఆపుతుందని 1921లో కనిపెట్టారు. దాన్ని కార్ల పెట్రోలులోంచి ప్రపంచమంతటా తొలగించడానికి 2021 వరకు, అంటే సరిగ్గా వందేళ్లు పట్టింది.

ఐదో మెట్టు: డీజిల్ బండి అయితే

డీజిల్‌కు సీసాల అవసరం పెట్రోలు కంటే కొంచెం ఎక్కువే. కారణాలు కూడా స్పష్టంగా ఉన్నాయి.

చలి దేశాల్లో డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. దీన్ని ఆపే మందు మైనం స్ఫటికాలను చిన్నవిగా ఉంచి ఫిల్టర్‌లోంచి జారిపోయేలా చేస్తుంది. షరతు ఒక్కటే, డీజిల్ వెచ్చగా ఉండగానే కలపాలి. గడ్డకట్టాక పోసిన మందు మీగడ మీద నీళ్లు చల్లినట్టే. చలికాలపు డీజిల్ అమ్మే చోట మామూలుగా ఇదీ అక్కర్లేదు.

ట్యాంకు అడుగున నీరు చేరి నెలల తరబడి కదలకుండా ఉంటే, నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్‌కు నల్లటి జిగట పట్టిస్తాయి. పడవలు, నిల్వ ట్యాంకులు, జనరేటర్లు ఉన్నవారికి ఇది బాగా తెలుసు. వాటిని చంపే బయోసైడ్‌లు పనిచేస్తాయి. కానీ ముందు నీటిని వదిలించాలి, తర్వాత చచ్చిన జిగట వచ్చి ఫిల్టర్‌లో చేరుతుంది కాబట్టి ఒకటి రెండు ఫిల్టర్లు సిద్ధంగా ఉంచుకోవాలి. రోజూ తిరిగే కారుకు దీని అవసరం రాదు.

గంధకం తీసేసిన నేటి డీజిల్‌కు సహజమైన జారుడుగుణం తక్కువ. అయితే బంకుకు చేరకముందే ఆ లోటు తీరుస్తారు. యూరప్ ప్రమాణం ప్రకారం ప్రయోగశాలలో డీజిల్‌లో ముంచిన ఉక్కు గుండును రాపిడి పెట్టినప్పుడు ఏర్పడే మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. ఒకటి రెండు శాతం బయోడీజిల్ కలిసినా జారుడుగుణం బాగా పెరుగుతుంది. కాబట్టి నమ్మకమైన డీజిల్ దొరికే చోట పంపును కాపాడే సీసా కొనాల్సిన పనిలేదు. సీటేన్, అంటే డీజిల్ త్వరగా అంటుకునే గుణం, పెంచే మందు కూడా అంతే. డీజిల్ నాసిరకమై, చల్లటి ఇంజిన్ గరగరలాడుతుంటే తేడా తెలుస్తుంది, మంచి డీజిల్‌లో తెలియదు.

సైలెన్సర్ దారిలో మసి ఫిల్టర్ ఉన్న బండ్లవారు లోహం కలిసిన ఏ మందూ సొంతంగా పోయకండి. మసి కాలిపోతుంది, లోహపు బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. ఒక మినహాయింపు ఉంది. 2000లో పెజో 607తో వచ్చిన మసి ఫిల్టర్ ఏర్పాటులో, మసి తక్కువ వేడికే కాలేలా సీరియం ఆధారిత మందును ప్రత్యేక ట్యాంకు నుంచి బండే కొలిచి కలుపుకుంటుంది. తయారీదారు లెక్కలో ఉన్న అడిటివ్ అంటే ఇలా ఉంటుంది.

ఆరో మెట్టు: ఇంజిన్ ఆయిల్ దగ్గర ఆగండి

ఇక్కడ నా సలహా సూటిగా ఉంటుంది: పోయకండి. ఎందుకో చెప్పడానికి నా మోటార్‌సైకిల్ కథ చాలు.

రాపిడి తగ్గిస్తుందన్న ఒక సీసా, ఆయిల్ మార్చిన రోజునే పోశాను. మొదటి రెండు రోజులు ఇంజిన్ శబ్దం తగ్గినట్టే అనిపించింది. డబ్బు పెట్టి కొన్నాక అలాగే అనిపిస్తుంది. మూడో రోజు ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పాను. ఇంజిన్ రొద పెరిగింది, బండి వేగం పెరగలేదు. ఇంకొంచెం తిప్పాను. రొద ఇంకా పెరిగింది, పక్కనే వెళ్తున్న సైకిల్ నన్ను దాటిపోయింది. చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. క్లచ్ పనిచేసేదే రాపిడి వల్ల. రాపిడి తగ్గించమని నేను పోసిన మందు ఇంజిన్‌కూ క్లచ్‌కూ తేడా చూపించలేదు, చెప్పిన పని చెప్పినట్టే చేసింది. ఆయిల్ రెండుసార్లు మార్పించాను, అయినా జారడం ఆగలేదు, చివరికి ప్లేట్లు మార్పించాల్సి వచ్చింది. జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ, ఎంఏ2 అనే ముద్రలు ఆయిల్ డబ్బాల మీద ఉండేది ఇందుకేనని అప్పుడు తెలిసింది. క్లచ్ జారకుండా ఉండేంత రాపిడి ఆ ఆయిల్‌లో ఉందని అర్థం.

కారులో ఈ బాధ లేదు గానీ వేరేవి ఉన్నాయి. అరుగుదలను ఆపే జింకు, భాస్వరం సమ్మేళనం ఎక్కువైతే మంచిదేగా అనిపిస్తుంది. ఆ భాస్వరమే కాలక్రమంలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను చంపుతుంది. అందుకే 5డబ్ల్యూ-30 వంటి ఆయిల్‌లలో దానికి 0.08 శాతం పరిమితి పెట్టారు. కడిగే కాల్షియం సమ్మేళనం ఎక్కువైతే చిన్న టర్బో ఇంజిన్లలో నిప్పురవ్వ రాకముందే ఇంధనం అంటుకుని పిస్టన్లు పగిలే ప్రమాదం పెరుగుతుందని తేలింది. దాన్ని అదుపు చేయడానికే అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్పీ ప్రమాణాలు తెచ్చింది. అంత శ్రమపడి కుదిర్చిన తూకాన్ని ఒక సీసాతో చెడగొట్టుకోవడం ఎందుకు?

టెఫ్లాన్ పొర వేస్తామన్న మందులు ఒకప్పుడు విపరీతంగా అమ్ముడుపోయాయి. అరుగుదల సగానికి తగ్గుతుందన్న ప్రకటనలకు తగిన ఆధారాలు లేవని అమెరికా వాణిజ్య కమిషన్ స్లిక్ 50 తయారీదారు మీద చర్య తీసుకుంది, 1997లో అది రాజీతో ముగిసింది.

ఇంజిన్ ఫ్లష్ గురించి అందరూ అడుగుతారు. సమయానికి ఆయిల్ మార్పిస్తున్న ఇంజిన్‌లో కడగాల్సిన మడ్డి ఉండదు. ఏళ్ల తరబడి మార్పించని ఇంజిన్‌లో మడ్డి ఉంటుంది, కానీ ఒక్కసారిగా ఊడితే ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడి ఆయిల్ అందకుండా పోవచ్చు. అలాంటి ఇంజిన్‌కు మంచి ఆయిల్ పోసి, మామూలు కంటే సగం దూరానికే రెండు మూడు సార్లు మార్పించడం నిదానమైనా భద్రమైన దారి.

సీలు మెత్తబరిచి కారుడు ఆపే మందులకు ఒక్క చోట ఒప్పుకుంటాను. త్వరలో తీసేయబోయే పాత బండి, కొద్దిగా చెమర్చినట్టు కారే ఆయిల్, విప్పి సీలు మార్చాలంటే బండి విలువకు మించిన కూలి. అప్పుడు పోసి చూడండి. ధారగా కారుతుంటే ఏ మందూ ఆపదు.

ఏడో మెట్టు: మిగిలిన ద్రవాలు, త్వరగా

బ్రేక్ ఆయిల్‌లో ఏమీ కలపకూడదు. చర్చ లేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలే. దీనికి మందు కొత్త ఆయిల్ ఒక్కటే.

కూలెంట్‌లో సరైన రకం, సరైన పాళ్లలో, శుద్ధజలంతో కలిపి ఉంటే చాలు. రంగు చూసి రకం నిర్ణయించకండి, రంగుకు ఉమ్మడి ప్రమాణమేదీ లేదు. రేడియేటర్ కారుడు ఆపే పొడి రంధ్రాన్ని మూయగలదు, హీటర్ సన్న గొట్టాలను కూడా మూయగలదు. దారిలో చిక్కుకుని ఇల్లు చేరాల్సినప్పుడు తప్ప వద్దు.

గేర్‌బాక్స్‌లో, ముఖ్యంగా ఆటోమేటిక్‌లో, తయారీదారు చెప్పిన ఆయిల్ తప్ప ఏదీ వద్దు. ఒక చక్రం జారినా రెండో దానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లలో కొన్నింటికి మాత్రం రాపిడిని సరిచేసే చిన్న సీసాను తయారీదారే కలపమంటారు. అది లేకపోతే మలుపుల్లో గరగరమంటుంది. అలా పుస్తకంలో రాసి ఉంటే తప్పక కలపండి.

ఎనిమిదో మెట్టు: పోశారా? అయితే కొలవండి

ముందు గిట్టుబాటు లెక్క. సీసా ధర ఎన్ని లీటర్ల ఇంధనానికి సమానమో చూసి, దాన్ని అది పనిచేసే లీటర్లతో భాగించండి. ఐదు లీటర్ల ధర ఉన్న సీసా నలభై లీటర్లకు సరిపోతుందంటే, మైలేజీ పన్నెండున్నర శాతం పెరిగితేనే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. మైలేజీ పెంచుతామని వచ్చిన వంద పైచిలుకు పరికరాలను, మందులను అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఏళ్ల తరబడి పరిశీలించింది. చెప్పుకోదగ్గంత పెంచింది ఒక్కటీ కనబడలేదు. ఇంజెక్టర్ క్లీనర్ కొనేది మైలేజీ లాభం కోసం కాదు, లోపం పోగొట్టడానికి.

అయినా చూడాలనుకుంటే, సీసా పోయకముందే మూడు ట్యాంకులు కొలవండి. ప్రతిసారీ ఒకే బంకు, ఒకే పంపు, నాజిల్ మొదటిసారి ఆగిన చోటే ఆపడం, టైర్లలో ఒకే గాలి. మొదటి ట్యాంకు 512 కిలోమీటర్లకు 32 లీటర్లు, అంటే లీటరుకు 16. రెండోది 498కి 31.9, అంటే 15.6. మూడోది 530కి 32.1, అంటే 16.5 వచ్చిందనుకుందాం. ఇప్పుడు సీసా పోసిన ట్యాంకులో 16.4 వస్తే అది మందు గొప్పా? ఏమీ పోయకుండానే మీ బండి 16.5 ఇచ్చింది. నాజిల్ ఒక్క లీటరు ముందు ఆగినా మూడు శాతం తేడా వస్తుంది. సీసా పోసిన రోజు నుంచి మనమే తెలియకుండా మెల్లగా నడుపుతాం, అదీ కలుస్తుంది. కాబట్టి మందుతో మూడు ట్యాంకులు, మందు ఆపేసి మళ్లీ మూడు కొలవాలి. పెరిగింది ఆపగానే తగ్గితేనే నమ్మాలి. ఈ పరీక్ష క్లీనర్‌కు మాత్రం వర్తించదు. కడిగిన మసి సీసా ఆపగానే తిరిగిరాదు కాబట్టి, దాన్ని రెండో మెట్టులో మీరు రాసుకున్న కాగితంతో పోల్చుకోండి.

పొరపాటున తప్పుడు మూతలో పోస్తే

ఇది తరచూ జరిగేది డీజిల్ బండ్లలో. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లను తగ్గించడానికి వాడే యూరియా ద్రావణం, అంటే ఆడ్‌బ్లూ, అడిటివ్ కాదు. 32.5 శాతం యూరియా, మిగతాది నీరు. దానికి వేరే ట్యాంకు, సాధారణంగా నీలం మూత ఉంటాయి. దాన్ని డీజిల్ ట్యాంకులో పోస్తే పంపు, ఇంజెక్టర్లు తుప్పుపడతాయి, యూరియా గట్టిపడి సన్నని దారులు మూసుకుపోతాయి. పోశాక గుర్తొస్తే తాళం అసలు తిప్పకండి. చాలా బండ్లలో తాళం తిప్పగానే, ఇంజిన్ స్టార్ట్ కాకముందే, ట్యాంకులోని పంపు పనిచేయడం మొదలుపెట్టి ఆ ద్రవాన్ని ముందుకు నెట్టేస్తుంది. గేరు న్యూట్రల్‌లోకి రాకపోయినా, స్టీరింగ్ బిగుసుకుపోయినా సరే, బండిని నిలిచిన చోటే ఉంచి, ట్యాంకు విప్పి కడిగేవారిని అక్కడికే పిలిపించండి. ఎంత పోశారో, ఏ ద్రవమో తెలిసేలా ఆ ఖాళీ డబ్బాను వారికి చూపించండి.